రీసెర్చ్ పేపర్: చదవడం, రాయడం ఎందుకంత కష్టం, లోపల అసలేం జరుగుతుంది

రీసెర్చ్‌లోకి కొత్తగా వచ్చిన సైన్స్, ఇంజినీరింగ్ స్టూడెంట్స్ దగ్గర మూడు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. పేపర్ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కట్లేదు, ఇది ఇంగ్లిష్ సమస్యా, సబ్జెక్ట్ రాకపోవడమా? సిమిలారిటీ రిపోర్టులో 28 శాతం వచ్చింది, అంటే కాపీ కొట్టినట్టా? ఏఐ టూల్ నిమిషంలో సారాంశం చెప్పేస్తుంటే ఇరవై పేజీలు కూర్చుని చదవాల్సిన పనేముంది? వేర్వేరుగా కనిపించినా ఈ మూడింటి వెనక ఉన్న చిక్కుముడి ఒకటే. రీసెర్చ్ పేపర్ ఏ రకం రాత అన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కాస్త కష్టమైన టెక్స్ట్‌బుక్ అనుకుని చదువుతాం, కాస్త పెద్ద ప్రాజెక్ట్ రిపోర్ట్ అనుకుని రాస్తాం. అది రెండూ కాదు.

## పేపర్ ల్యాబ్ డైరీ కాదు, ఒక వాదన

టెక్స్ట్‌బుక్ చెప్పేది తేలిపోయిన విషయం. పేపర్ చెప్పేది ఇంకా తేలని విషయం మీద కొందరు ముందుకు తెచ్చిన వాదన. "ఇది ఇలా ఉంది" అని వాళ్లొక మాట అంటారు, దాన్ని క్లెయిమ్ అందాం. ఆ మాట నిలబడటానికి ఆధారాలు చూపిస్తారు. ఆ మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో హద్దులు గీస్తారు. క్లెయిమ్, ఆధారం, హద్దు. పేపర్లో మిగతా సరంజామా అంతా ఈ మూడింటి కోసమే.

మొదట్నుంచీ ఇలా లేదు. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ అనే సైన్స్ జర్నల్ మొదలుపెట్టినప్పుడు అందులో చాలావరకు ఉత్తరాల తరహా రాతలే వచ్చేవి, "నేను ఇది చూశాను, తర్వాత ఇలా చేశాను" అని జరిగింది జరిగినట్టు చెప్పేవి. ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్ అనే ఇప్పటి వరుస 20వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. ఈ వరుస పని జరిగిన వరుస కాదు. ఫలితం ఇవ్వని దారులు, మధ్యలో మార్చుకున్న ప్రశ్న, అనుకోకుండా దొరికిన రీడింగ్, ఇవేవీ అందులో కనపడవు, మొదటి రోజు నుంచే అంతా తెలిసి చేసినట్టు ఉంటుంది. 1960లో నోబెల్ అందుకున్న జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1963లో బీబీసీ ప్రసంగంలో ఈ విషయాన్నే పట్టుకుని, సైంటిఫిక్ పేపర్ ఒక మోసమా అని అడిగారు. అందులోని వాస్తవాలు అబద్ధాలని కాదు ఆయన అన్నది, ఆలోచన నడిచిన తీరును పేపర్ తప్పుగా చూపిస్తోందని.

అవతలి వాదన కూడా బలమైనదే. చదివేవాళ్లకు కావాల్సింది రచయితలు పడ్డ తిప్పలు కాదు, ఫలితాన్ని తనిఖీ చేసుకునే దారి. ఏం చేశారో ఒకచోట, ఏం వచ్చిందో ఒకచోట, దానికి వాళ్లు చెప్పుకున్న అర్థం ఇంకోచోట విడివిడిగా ఉంటే, ఫలితాన్ని ఒప్పుకుంటూనే అర్థాన్ని కాదనడానికి వీలుంటుంది. నా మొగ్గు ఇటువైపే. కానీ మెడవార్ మాట వల్ల కొత్తవాళ్లకు ఒక మేలుంది: పేపర్ చదివి "వీళ్లకు ఇదంతా మొదటిసారే ఎలా తట్టింది" అని కుంగిపోనక్కర్లేదు. తట్టలేదు, తర్వాత సర్ది రాశారు.

గణితంలో, థియరీ పేపర్లలో ఈ నాలుగు భాగాలు ఉండవు, సిద్ధాంతం, నిరూపణ ఉంటాయి. అయినా క్లెయిమ్, ఆధారం, హద్దు అక్కడా ఉన్నాయి, అక్కడ హద్దులను "ఈ షరతులు ఉంటేనే" అని ముందే రాసేస్తారు.

## మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదవకపోవడం వెనక ఉన్న లెక్క

వాదన అనుకున్నాక చదివే వరుస దానంతటదే మారిపోతుంది. ముందు ఏమంటున్నారో తెలియాలి, తర్వాత ఏం చూపించారో, ఆ రెండూ ఆసక్తిగా అనిపిస్తేనే ఎలా చేశారో. అనుభవం ఉన్నవాళ్లు చాలామంది టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) తర్వాత నేరుగా ఫిగర్ల దగ్గరికో కంక్లూజన్ దగ్గరికో వెళ్లేది ఇందుకే.

కంప్యూటర్ నెట్‌వర్క్స్ పరిశోధకులు ఎస్. కేశవ్ 2007లో రాసిన ఒక చిన్న వ్యాసంలో దీన్ని మూడు విడతలుగా విడగొట్టారు. మొదటి విడత ఐదు పది నిమిషాలు: టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, హెడ్డింగులు, కంక్లూజన్, రెఫరెన్సుల మీద ఒక చూపు. రెండో విడత గంట దాకా: నిరూపణల లోతుకు పోకుండా ఫిగర్లు, గ్రాఫులు శ్రద్ధగా చూడటం. మూడో విడతలో ఆ పనిని మనమే మనసులో మళ్లీ చేసి చూసుకోవడం, రచయితలు పెట్టుకున్న ప్రతి ఊహనూ నిలదీయడం. కొత్తవాళ్లకు దీనికి నాలుగైదు గంటలు పట్టవచ్చని ఆయనే అంటారు. ఒక్క పేపర్‌కి అన్ని గంటలు పడితే అది తెలివితక్కువతనం కాదు, ఆ పనికి అంత సమయం పడుతుంది.

ఇందులో ఆదా ఎక్కడుందంటే, చేతికొచ్చిన పేపర్లలో ఎక్కువ భాగం మొదటి విడతతోనే పక్కకు పోతాయి. మూడో విడత దాకా వెళ్లేవి కొన్నే.

దీంతో ఏకీభవించని గైడ్స్ ఉన్నారు, వాళ్ల మాటలోనూ పస ఉంది. ఫిగర్ల నుంచి మొదలుపెట్టడం ఆ ఫీల్డ్ తెలిసినవాళ్లకే సాధ్యం, ఏ గ్రాఫ్‌లో ఏం వింతగా ఉందో తెలియాలంటే మామూలుగా ఎలా ఉంటుందో ముందు తెలిసి ఉండాలి కదా. కొత్తవాళ్లు పైపైన చూస్తే "అర్థమైంది" అనే భ్రమే మిగులుతుందని, మొదట్లో కొన్ని పేపర్లయినా చివరిదాకా, సమీకరణాలు చేత్తో రాసుకుంటూ చదివి తీరాలని వాళ్లంటారు. నిజానికి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఫీల్డ్‌లో మూలస్తంభాల్లాంటి పేపర్లు కొన్నిటిని లోతుగా చదివితేనే, తర్వాత వచ్చేవాటిని వేగంగా జల్లెడ పట్టే చూపు వస్తుంది.

## "98 శాతం ఖచ్చితత్వం" అన్న ఒక్క వాక్యాన్ని విప్పి చూస్తే

ఒక ఊహాత్మక పేపర్ తీసుకుందాం. కాంక్రీట్ ఫొటోలు చూసి పగుళ్లు పట్టుకునే కంప్యూటర్ మోడల్ తయారుచేశారు. అబ్‌స్ట్రాక్ట్‌లో "మా పద్ధతి 98 శాతం ఖచ్చితత్వంతో పగుళ్లను గుర్తిస్తుంది" అని ఉంది. సారాంశం చెప్పే ఏ టూల్ అయినా, ఏ మనిషయినా ఈ వాక్యాన్నే ఎత్తి చూపిస్తారు.

ఇప్పుడు లోపలి టేబుల్ చూద్దాం. పరీక్షించిన ఫొటోలు 1000. అందులో నిజంగా పగుళ్లున్నవి 20. ఆ ఇరవైలో మోడల్ పట్టుకున్నవి 12, వదిలేసినవి 8. పగుళ్లు లేని 980లో 12 ఫొటోలను పగుళ్లున్నాయని పొరపాటుగా చూపించింది. మొత్తం తప్పులు 8 ప్లస్ 12, ఇరవై. వెయ్యిలో 980 సరైనవి, కాబట్టి 98 శాతం. లెక్క నిజమే.

కానీ ఏ ఫొటో చూసినా కళ్లు మూసుకుని "పగుళ్లు లేవు" అనే మోడల్‌ను పెట్టండి. దానికీ వెయ్యిలో 980 సరిగ్గానే వస్తాయి, అదీ 98 శాతమే! మనకు పనికొచ్చే అంకెలు వేరే ఉన్నాయి: ఉన్న పగుళ్లలో పట్టుకున్నవి 20కి 12, అంటే 60 శాతం, దీన్ని రికాల్ అంటారు. పగుళ్లున్నాయని చూపిన 24లో నిజంగా ఉన్నవి 12, అంటే 50 శాతం, ఇది ప్రెసిషన్. అబ్‌స్ట్రాక్ట్‌లో అబద్ధం లేదు, కానీ ఆ ఒక్క అంకె మీద నమ్మకంతో ఒక నిర్మాణం భద్రత తేల్చేస్తే ఐదు పగుళ్లలో రెండు మిగిలిపోతాయి.

ఇంకో మెట్టు లోపలికి వెళ్తే మెథడ్స్‌లో ఒక వాక్యం: "ఫొటోలను యాదృచ్ఛికంగా ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ విడగొట్టాం." ట్రైనింగ్ ఫొటోలతో మోడల్‌కు నేర్పుతారు, టెస్ట్ ఫొటోలతో పరీక్షిస్తారు. వినడానికి మంచి పద్ధతే. అయితే ఒకే గోడను పక్కపక్క నుంచి తీసిన ఫొటోలు కొన్ని ట్రైనింగ్‌లో, కొన్ని టెస్ట్‌లో పడితే, మోడల్ పగుళ్లను కాకుండా ఆ గోడనే గుర్తుపట్టి ఉండొచ్చు. కొత్త గోడ మీద ఆ 60 శాతం కూడా నిలుస్తుందో లేదో ఈ పేపర్ చెప్పట్లేదు. గోడల వారీగా విడగొట్టి ఉంటే చెప్పేది.

అబ్‌స్ట్రాక్ట్ క్లెయిమ్ చెప్పింది, టేబుల్ ఆధారం చూపింది, మెథడ్స్‌లోని ఒక మామూలు వాక్యం హద్దు బయటపెట్టింది. చదవడమంటే ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటం.

## గ్రాఫ్‌లో ఆ చిన్న గీతలు ఏం దాస్తాయి, ఏం చెప్తాయి

ఎర్రర్ బార్ అంటే గ్రాఫ్‌లో బిందువుకు పైనా కిందా ఉండే గీత. చాలామంది దాన్ని "ఇంత తేడా ఉండొచ్చు" అని అనుకుని వదిలేస్తారు. కానీ ఆ గీత మూడు వేర్వేరు విషయాలకు గుర్తు కావచ్చు. 16 నమూనాల బలం కొలిచారు, సగటు 50 మెగాపాస్కల్స్, నమూనాల మధ్య చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 8 అనుకుందాం. గీత డీవియేషన్‌ని చూపిస్తే అటూ ఇటూ 8 పొడవుంటుంది. సగటు ఎంత నమ్మదగ్గదో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ చూపిస్తే 8ని 16 వర్గమూలంతో, అంటే 4తో భాగించాలి, పొడవు 2. అసలు సగటు ఏ మేరలో ఉండొచ్చో అంచనా వేసే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ చూపిస్తే సుమారు 4.3. డేటా ఒకటే, గీత మూడు పొడవులు. ఫిగర్ కింద ఆ గీత ఏమిటో రాయకపోతే రెండు పద్ధతుల మధ్య తేడా ఉందో లేదో కంటితో చెప్పడం కుదరదు.

గ్రాఫులను దగ్గరగా చూడటం ఎంత దూరం తీసుకెళ్తుందో 2002లో భౌతికశాస్త్రం చూసింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో యాన్ హెండ్రిక్ షోన్ అనే భౌతికశాస్త్రవేత్త వరసగా సంచలన ఫలితాలు ప్రచురిస్తున్న రోజులవి. అప్పుడు కొందరు వేరే ల్యాబుల వాళ్లు వేర్వేరు ప్రయోగాల గ్రాఫులను పక్కపక్కన పెట్టి చూస్తే, కొలతల్లో యాదృచ్ఛికంగా ఉండాల్సిన సన్నటి వణుకు, అంటే నాయిస్, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంది. రెండు వేర్వేరు కొలతల్లో అలా రావడం అసాధ్యం. విచారణ కమిటీ పరిశీలించిన 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది, సైన్స్, నేచర్ లాంటి జర్నల్స్ ఆయన పేపర్లను వెనక్కి తీసుకున్నాయి. పీర్ రివ్యూ, అంటే ప్రచురణకు ముందు అదే రంగంలోవాళ్లు చేసే పరిశీలన, దాటిన పేపర్లవి. పట్టుకున్నది ఓపికగా గ్రాఫులు చూసిన పాఠకులు.

## ఐదు వాక్యాల ఉత్తరం 608 సార్లు ఎలా సైట్ అయింది

సైటేషన్ అంటే "ఈ మాటకు ఆధారం ఫలానా చోట ఉంది" అని చెప్పడం. ఆ ఫలానా చోటుకు వెళ్లి చూడకుండా, వేరే పేపర్ వాళ్లు ఇచ్చిన రెఫరెన్స్‌ని అలాగే దించుకుంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ వైద్యంలో ఉంది, దాని మూల్యం చాలా పెద్దది.

1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో ఉండగా నార్కోటిక్ నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో కొత్తగా వ్యసనానికి లోనైన కేసులు నాలుగే స్పష్టంగా దొరికాయన్నది సారం. క్లెయిమ్ చిన్నది, హద్దు స్పష్టం: ఆసుపత్రిలో, పర్యవేక్షణలో ఉన్న రోగులు. తర్వాతి రోజుల్లో ఇది "ఈ మందులకు దీర్ఘకాలం వాడినా వ్యసనం అరుదు" అనే మాటకు ఆధారమైపోయింది. 2017లో అదే జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఆ ఉత్తరాన్ని 608 సార్లు సైట్ చేశారు, అందులో 72 శాతం వ్యసనం అరుదు అనడానికి ఆధారంగా వాడుకున్నారు, 80 శాతానికి పైగా అవి ఆసుపత్రిలో ఉన్న రోగుల లెక్కలని చెప్పనేలేదు. క్లెయిమ్ ప్రయాణించింది, హద్దు దారిలో రాలిపోయింది. ఉత్తర అమెరికాలో ఓపియాయిడ్ (ఇదే రకం నొప్పి మందుల వ్యసనం) సంక్షోభానికి ఈ సైటేషన్లు కూడా తోడయ్యాయని ఆ విశ్లేషణ రాసినవాళ్లు తేల్చారు.

ఐదు వాక్యాలు చదవడానికి అర నిమిషం చాలు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

## రాయడం: మీ మాట బరువు, మీ ఆధారం బరువు

ఇప్పుడు ఇదే పని తిరగేసి చేయాలి. ఇంట్రడక్షన్ ఎందుకు అన్ని పేపర్లలో ఒకేలా ఉంటుందో భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో వివరించారు. ముందు ఆ రంగం ముఖ్యమైనదని చూపిస్తారు, తర్వాత అందులో ఖాళీ ఒకటి ఉందంటారు, ఆ తర్వాత ఆ ఖాళీని మేం పూరిస్తున్నాం అంటారు. లిటరేచర్ రివ్యూ అనగానే "ఫలానావాళ్లు ఇది చేశారు, ఫలానావాళ్లు అది చేశారు" అని జాబితా రాసేస్తే గైడ్ వెనక్కి పంపేది ఇందుకే. ఆ జాబితా ఖాళీ వైపు నడిపించాలి. మన పగుళ్ల ఉదాహరణలో అయితే: "ఇప్పటిదాకా వచ్చిన పద్ధతులు మంచి ఖచ్చితత్వం చూపాయి, అయితే అవి ట్రైనింగ్‌లో ఉన్న గోడల మీదే పరీక్షించినవి, కొత్త నిర్మాణాల మీద వాటి పనితీరు తెలియదు." ఈ వాక్యం రాయాలంటే ముందువాళ్ల మెథడ్స్ చదివి ఉండాలి, వాళ్ల అబ్‌స్ట్రాక్టులు చాలవు.

మాట ఎంత గట్టిగా చెప్పాలి అన్నది ఇంకో చిక్కు. 2011 సెప్టెంబర్‌లో ఒపేరా అనే భౌతికశాస్త్ర ప్రయోగం వాళ్లకు జెనీవా దగ్గరి సెర్న్ ల్యాబ్ నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలోని గ్రాన్ సాసో ల్యాబ్‌కు న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందే చేరినట్టు కొలతల్లో వచ్చింది. వార్తల్లో ఐన్‌స్టీన్ ఓడిపోయారని వచ్చేసింది. పేపర్లో మాత్రం వాళ్లు ఆ మాట అనలేదు. తెలియని దోషాలు ఇంకా ఉండొచ్చని, వెతుకుతూనే ఉంటామని, ఫలితానికి సిద్ధాంతపరమైన అర్థం చెప్పే ప్రయత్నం కావాలనే చేయట్లేదని రాశారు. 2012లో కారణం దొరికింది, అందులో ప్రధానమైనది సరిగ్గా బిగించని ఆప్టికల్ ఫైబర్ కేబుల్. కొలత తప్పయింది, అయినా క్లెయిమ్ ఆధారాన్ని దాటలేదు కాబట్టి ఆ పేపర్ ఇప్పటికీ నిజాయితీ గల రాతే.

అలాగని అన్నిచోట్లా "కావచ్చు", "అయ్యుండొచ్చు" అని నసగడం కూడా లోపమే. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం మీద రాసిన పేజీ పైచిలుకు పేపర్ మొదటి వాక్యంలోనే "మేము ఒక నిర్మాణాన్ని సూచించదలిచాం" అని సూటిగా మొదలుపెట్టారు. జన్యువులు ఎలా నకలు అవుతాయో ఈ నిర్మాణం నుంచి తట్టే విషయం మా దృష్టిని దాటిపోలేదు అని చివర్లో ఒక్క వాక్యంతో ఆపేశారు. నిర్మాణం గురించి చెప్పినంత ధైర్యంగా నకలు గురించి చెప్పడానికి వాళ్ల దగ్గర అప్పటికి ఆధారం లేదు. రెండు క్లెయిములు, రెండు బరువులు.

"మేము కొలిచాం" అనాలా, "కొలవబడింది" అనాలా అన్న గొడవ కూడా ఇక్కడే వస్తుంది. కర్మణి వాక్యం వాడితే మనిషి పక్కకు తప్పుకుని పని ముందుకొస్తుందని, సైన్స్‌కు అదే తగినదని పాతకాలం నుంచి ఒక వాదన. నేచర్ లాంటి జర్నల్స్ ఇప్పుడు "మేము" అనే పద్ధతినే ఇష్టపడతాయి, ఎవరు చేశారో స్పష్టంగా ఉంటుందని. మెథడ్స్‌లో "నమూనాలను 400 డిగ్రీలకు వేడిచేయడమైంది" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. డిస్కషన్‌లో "అని భావించబడుతోంది" అంటే మాత్రం భావించేది ఎవరు, రచయితలా, ఫీల్డ్ మొత్తమా అన్నది తేలదు. అక్కడ "మేము" అనడమే మేలు.

## వాక్యాలు ఒకదానికొకటి అందకపోతే

వ్యాకరణం అంతా సరిగ్గా ఉండి కూడా పేరా అర్థం కాకపోవడం చాలామందికి అనుభవమే. 1990లో గోపెన్, స్వాన్ అనే ఇద్దరు దీని మీద రాసిన వ్యాసం ఇప్పటికీ రైటింగ్ క్లాసుల్లో తిరుగుతూనే ఉంది. వాళ్లు చెప్పేదాన్ని క్లుప్తంగా చెప్పాలంటే, పాఠకులు వాక్యం మొదట్లో తెలిసిన విషయం కోసం, చివర్లో కొత్త విషయం కోసం చూస్తారు.

ఇది చూడండి: "పూత 400 డిగ్రీల దగ్గర పగిలింది. వ్యాకోచంలో తేడా ఉంటే ఒత్తిడి పుడుతుంది. పూత కంటే లోహం రెండింతలు వ్యాకోచిస్తుంది." మూడూ సరైన వాక్యాలే, కానీ మూడు చోట్లా కొత్తగా మొదలవుతోంది, కలుపుకునే పని చదివేవాళ్ల మీద పడింది. ఇప్పుడిది: "వేడెక్కినప్పుడు పూత కంటే దాని కింది లోహం రెండింతలు వ్యాకోచిస్తుంది. ఈ తేడా వల్ల పూతలో లాగుడు ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి 400 డిగ్రీల దగ్గర పూత తట్టుకునే హద్దు దాటడంతో పగుళ్లు వచ్చాయి." ప్రతి వాక్యం ముందు వాక్యం ఆపినచోట అందుకుంది. ఇందులో ఇంకో విషయం ఉంది, ఇలా కలిపి రాయడానికి కూర్చుంటేనే కారణాల గొలుసులో ఏ లంకె మీ దగ్గర లేదో తెలుస్తుంది. రాయడం ఆలోచన పూర్తయ్యాక చేసే పని కాదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

## సిమిలారిటీ శాతం దేన్ని కొలుస్తుంది

సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ చేసేది పదాల వరుసలు పోల్చడం. మీ రాతలో ఎంత భాగం దాని డేటాబేస్‌లోని రాతలతో కలుస్తోందో చెబుతుంది. దొంగతనం జరిగిందా లేదా అన్నది అది చెప్పదు, చెప్పలేదు.

ఒక థీసిస్‌లో 28 శాతం వచ్చిందనుకుందాం. అందులో రెఫరెన్సుల జాబితా, ప్రామాణిక పరీక్ష విధానం వర్ణన, కొటేషన్ గుర్తుల్లో సరిగ్గా సైట్ చేసిన భాగాలు, అదే విద్యార్థి ముందు ప్రచురించిన పేపర్ నుంచి నియమాల ప్రకారం తెచ్చుకున్న అధ్యాయం, ఇవే ఎక్కువ ఉండొచ్చు. ఇంకో థీసిస్‌లో 6 శాతమే వచ్చింది, కానీ ఆ ఆరూ ఒకేచోట, ఇంకొకరి డిస్కషన్‌లోని రెండు పేరాలు సైటేషన్ లేకుండా. తప్పు రెండోదాంట్లో ఉంది. పదాలన్నీ మార్చేసి ఆలోచనను మాత్రం చెప్పకుండా తీసుకుంటే 0 శాతం రావచ్చు, అదీ ప్లేజియరిజమే, అంటే రచనా చౌర్యమే. అందుకే చాలా సంస్థలు పరిమితి శాతం పెట్టుకున్నా, నిర్ణయం తీసుకునే ముందు రిపోర్ట్ తెరిచి ఏ భాగం కలిసిందో మనిషి చూడాలి.

ఒరిజినల్ పక్కన పెట్టుకుని ఒక్కో పదానికి పర్యాయపదం వేసుకుంటూ పోయే రాతను ప్యాచ్‌రైటింగ్ అంటారు. దీన్ని మోసంగానే చూడాలని కొందరు, భాష మీద, సబ్జెక్ట్ మీద పట్టు రాని దశలో ప్రతి లెర్నర్ దాటే మెట్టు అని రైటింగ్ నేర్పే మరికొందరు. నాకు రెండోదే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది, అలాగని సబ్మిట్ చేసిన పేపర్లో దానికి మినహాయింపు దొరకదు.

## ఏఐ టూల్స్ మీద రెండు వైపుల మాట

ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల మీద పడే భారం నిజమైనది. 8 దేశాల్లో 908 మంది పర్యావరణ శాస్త్రవేత్తలను అడిగి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, భాష కారణంగా పేపర్ తిరస్కరణ ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల కంటే సుమారు 2.5 రెట్లు ఎక్కువని తేలింది. వ్యాకరణం దిద్దే టూల్ ఈ అంతరాన్ని తగ్గిస్తే దాన్ని కాదనడం అన్యాయమని ఒక వాదన, అందులో న్యాయముంది.

అవతలివైపు అభ్యంతరం భాష గురించి కాదు. పగుళ్ల పేపర్ సారాంశం అడిగితే "98 శాతం" అని రావడం ఎంత సులువో చూశాం. అదీగాక ఈ టూల్స్ వెనక ఉండే లాంగ్వేజ్ మోడల్స్, అసలు ఉనికిలోనే లేని పేపర్లకు కూడా నిజమైనవాటిలాగే కనిపించే రెఫరెన్సులు ఇవ్వగలవు. రచయిత అంటే తప్పు జరిగితే జవాబు చెప్పాల్సినవాళ్లు, టూల్ ఆ బాధ్యత మోయలేదు. 2023 మొదట్లో నేచర్, ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ ఏఐ టూల్‌ను రచయితగా పెట్టకూడదని చెప్పింది ఈ కారణంతోనే. వాడితే చెప్పాలన్నది చాలా జర్నల్స్ నియమం, ఎక్కడ, ఎంతవరకు చెప్పాలన్నది మాత్రం ఒక్కో జర్నల్‌కి ఒక్కోలా ఉంది. జల్లెడ పట్టే మొదటి విడతకు సారాంశం పనికొస్తుంది, మూడో విడత పని దాంతో అవదు.

## రివ్యూయర్ల వ్యాఖ్యలు వచ్చాక

పీర్ రివ్యూ అంటే అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు పేపర్ చదివి ఎడిటర్‌కు అభిప్రాయం చెప్పడం. ఇది కూడా అనాదిగా ఉన్నది కాదు. 1936లో ఫిజికల్ రివ్యూ జర్నల్ తన పేపర్‌ను వేరొకరికి చూపించిందని ఐన్‌స్టీన్ కోపంతో వెనక్కి తీసుకున్నారు. ఆ రిఫరీ ఎత్తిచూపిన దోషం నిజమైనదే, వేరేచోట అచ్చయ్యే సరికి పేపర్ ముగింపు మారింది కూడా. నేచర్ అయితే బయటివాళ్ల రివ్యూని అన్ని పేపర్లకూ తప్పనిసరి చేసింది 1973లో.

రివ్యూయర్ డేటాను మళ్లీ కొలవరు, ప్రయోగం మళ్లీ చేయరు. వాళ్లు చూసేది ఎక్కువగా క్లెయిమ్, ఆధారం, హద్దు ఒకదానికొకటి అతుకుతున్నాయా లేదా అన్నదే. ఇందాక చూసిన పూత వాక్యాలున్న పేపర్‌కు ఇలా ఒక వ్యాఖ్య వచ్చిందనుకుందాం: "పగుళ్లను చల్లబరిచాక మైక్రోస్కోప్ కింద చూశారు. అవి వేడెక్కేటప్పుడు వచ్చాయో, చల్లబడేటప్పుడు వచ్చాయో ఎలా తెలుసు?" మంచి ప్రశ్న. రచయితల దగ్గర వేడిగా ఉండగా తీసిన ఫొటోలు లేవు. వాళ్ల ముందు మూడు దారులున్నాయి. వేడిమీద ఉండగానే చూసే ప్రయోగం చేయడం, అందుకు పరికరం కావాలి, నెలలు పట్టవచ్చు. రివ్యూయర్‌కు అర్థం కాలేదని వాదించడం, ఇక్కడ అది నిలవదు. లేదా క్లెయిమ్‌ను ఆధారం దగ్గరికి తెచ్చుకోవడం. మూడోదైతే "ఒత్తిడి 400 డిగ్రీల దగ్గర హద్దు దాటడంతో పగుళ్లు వచ్చాయి" అన్న వాక్యం "400 డిగ్రీలకు వేడిచేసి చల్లబరిచిన నమూనాల్లో పగుళ్లు కనిపించాయి, వ్యాకోచంలో తేడా వల్ల పుట్టే ఒత్తిడి ఇందుకు కారణం కావచ్చు, అవి ఏ దశలో మొదలయ్యాయో ఈ కొలతలు చెప్పలేవు" అని మారుతుంది. జవాబు లేఖలో ఆ వ్యాఖ్యను యథాతథంగా దించి, కింద ఈ మార్పును, అది ఏ పేజీలో ఏ లైన్‌లో ఉందో రాసి ఎడిటర్‌కు పంపుతారు.